ప్లూటో చుట్టూ సున్నపు చుక్కలు

మా సైన్స్ సార్ మొన్న ఆదివారం బుక్కరాయసముద్రంలో కన్నుమూశారు. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో ఉండగా ఫోనొచ్చింది. ఆయన లేకపోతే నా చదువు ఎనిమిదో తరగతితోనే ఆగిపోయేది. అదెలాగో మీకు చెప్పాలనిపించింది.

సార్‌ది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. ముదిగుబ్బ దగ్గర మా బడికి వచ్చినా మగ్గం ఆయన్ని వదల్లేదు. జవాబు కాగితాన్ని చీర అంచు చూసినట్టు వెలుగుకు పట్టి చూసేవారు. మేం తప్పు చేస్తే కొట్టేవారు కాదు. "పోగు యాడ తెగిందో ఆడికే వెనక్కి పోయి ముడెయ్యాల" అనేవారు. చాక్‌పీసు జేబులో వేసుకుని మరిచిపోయేవారు. చొక్కా జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది.

ఎనిమిదో తరగతి మూడునెలల పరీక్షలో గ్రహాలెన్ని అని అడిగారు. ఎనిమిది అని రాశాను. ప్లూటోను గ్రహాల లెక్కలోంచి తీసేశారని రేడియోలో విన్నాను మరి! పుస్తకంలో తొమ్మిది, బడి గోడ మీద సార్ తన చేత్తో రంగులేసినవీ తొమ్మిదే. ఎర్రసిరాతో కొట్టేశారు. నాకు ముప్పై నాలుగే వచ్చాయి. ఒక్క మార్కులో తప్పాను. తప్పితే బడి మాన్పిస్తానని నాయన ముందే చెప్పి ఉన్నాడు. "ఇంగ సాలు, గొర్రెలెంబడి పో" అన్నాడు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది.

దసరా సెలవుల్లో మేం పీకిన చెట్ల నుంచి వేరుశనగకాయలు తెంపుతుంటే సార్ సైకిల్ దిగారు.

"తప్పు నాదప్పా" అన్నారు నాయనతో. "నీ కూతురు రాసిందే రైటు. అనంతపురం లైబ్రరీకి పోయి పాత పేపర్లన్నీ సూసినా."

నాయన ఊరికే వదల్లేదు. "అంత పైకి పోయి సూసినోళ్ళెవురు సార్?"

"ఎవురూ పోలేదు. దేశదేశాల శాస్త్రవేత్తలు ఒకసోట కూసోని చేతులెత్తి తీర్మానం చేసినారు."

"మన పంచాయితీ మాదిరా?"

"అచ్చం అట్లే. ఒప్పుకోనోళ్ళు ఇంగా అరుస్తానే ఉండారు."

నాయన నవ్వేశాడు. సార్ మట్టిలో వేలితో గీత గీశారు. గ్రహమంటే సూర్యుని చుట్టూ తిరగాలి, తన బరువుకు తానే గుండ్రం కావాలి. ఈ రెండూ ప్లూటోకు ఉన్నాయట. చిక్కంతా మూడోదానితోనే. గీత మీద ఒక గుండ్రాయి పెట్టి, దాని ముందూ వెనకా గుప్పెడు కాయలు చల్లారు.

"తన దారిలో తానే పెద్దగుండాల. తక్కినవి దాంట్లో కలిసిపోవాల, లేకుంటే పక్కకు తొలగాల. ప్లూటో దారిలో ఇట్లాంటివి ఇంగా శానా ఉండాయి."

నా కాగితం ఇంట్లోంచి తెప్పించుకుని, ముప్పై అయిదు వేసి, పక్కన సంతకం పెట్టారు.

"మరి తొమ్మిది రాసినోళ్ళకు, సార్?"

"నేను చెప్పిందే కదా రాసినారు. వాళ్ళ మార్కు యాల తీస్తా?"

సెలవులయ్యాక నాయన నన్ను మళ్ళీ బడికి పంపాడు. గోడ మీద ప్లూటోను సార్ చెరిపేస్తారనుకున్నాను. సున్నం గిన్నె, అగ్గిపుల్ల నా చేతికిచ్చి దాని చుట్టూ చుక్కలు పెట్టించారు. "దాన్ని ఎళ్ళగొట్టలేదు పాపా. దాని మాదిరోళ్ళ మధ్యన పెట్టినాం, అంతే."

సార్‌ను సాగనంపి ఊరికెళుతూ బడి దగ్గర ఆగాను. గోడ మీద సూర్యుడు పెచ్చులూడిపోయాడు, భూమి వెలిసిపోయింది. చివరన నా చుక్కలు కొన్ని మిగిలే ఉన్నాయి. ఒకదాని మీద వేలు పెట్టాను. ఆయన జేబులో చెయ్యి పెట్టి తీసినట్టు, వేలి కొస తెల్లబడింది.