మందు కొట్టినవాడి నాడి

గురవమ్మ అంటే ఆ ఆసుపత్రిలో ఎవరికీ పడదు. ఆమెకూ ఎవరూ పడరు. గుంటూరుకు గంట దూరంలో, మెయిన్ రోడ్డు మీద నలభై పడకల ప్రైవేటు ఆసుపత్రి అది. ఆమె అక్కడ హెడ్ నర్సు. వయసు యాభై రెండు. పిడుగురాళ్ల అవతల మిరప చేలల్లో కూలికి వెళ్ళే ఇంట్లో పుట్టి, చదువుకుని, ఈ ఉద్యోగంలోకి వచ్చి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఆమె డ్యూటీ ఏ పూట ఉందో కనుక్కుని, ఆ పూట తమకు పడకుండా చూసుకుంటారు చిన్న నర్సులు.

గొడవంతా నాడి దగ్గర వస్తుంది. మణికట్టు పట్టుకుంటే నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలంటుంది ఆమె. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే పిల్లలను చూస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. “తడబడేది పదహారో సెకనులో అయితే ఏం చేస్తావు? నీ ఎక్కాలు అప్పజెప్పి బతికిస్తావా?” అని పేషెంట్ల ముందే కడిగేస్తుంది. మానిటరు ఉండగా ఈ చాదస్తం ఏమిటని పిల్లలు వెనక గొణుగుతారు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఆమె డ్యూటీ ఎక్కింది. ఐదో నంబరు మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. పేరు ఆదెయ్య, నలభై ఏళ్ళు, మిరప రైతు. పన్నెండింటికి ఆటోలో తెచ్చారు. కేసు షీటులో డ్యూటీ డాక్టరు నాగేంద్రబాబు రాసింది ఒక్కటే ముక్క: మద్యం మత్తు, సెలైను పెట్టి కనిపెట్టి ఉండాలి. మానిటరు మీద అంకె నలభై రెండు. ఎర్రగా మెరుస్తోంది గాని చప్పుడు లేదు.

“అలారం ఆపేసింది ఎవరు?” అంది గురవమ్మ.

ఆ పూట దిగిపోవలసిన నర్సు శ్రీరమ్య అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంది. “డాక్టరు గారే ఆపమన్నారు మేడమ్. తాగి పడ్డవాడి కోసం వార్డంతా మోగించొద్దన్నారు.”

“నలభై రెండు కనపడలేదా?”

“కనపడింది. చెప్పాను కూడా. పొలం పనిచేసేవాళ్ళకి ఆటగాళ్ళలాగా గుండె నెమ్మదిగానే కొట్టుకుంటుందట. జబ్బు కాదట.”

“ఆటగాడు! ఏ ఆట ఆడొచ్చాడమ్మా, కబడ్డీనా? బ్యాగు దింపు.”

ఆమె ఆదెయ్య మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. నిమిషం నిండేసరికి నలభై ఒకటి. నడుమ రెండుసార్లు దెబ్బ రావలసిన చోట రాలేదు. చెయ్యి చెమటతో జారిపోతోంది. నోటి పక్కనుంచి చొంగ కారి దిండు తడిసింది. కనురెప్ప ఎత్తి టార్చి వేస్తే కంటిపాప సూదిమొనంత ఉంది.

“ఇలా వచ్చి చూడు” అంది శ్రీరమ్యతో. “హాయిగా నిద్రపోతున్న రైతుకి యాభై కొట్టుకుంటే కొట్టుకోనీ. వీడు వాంతులు చేసుకున్నాడు. ఒంట్లో నీళ్ళన్నీ చెమటగా పోతున్నాయి. ఇట్లాంటి వాడి గుండె పరిగెత్తాలి. నూట ఇరవై ఉండాలి. నలభై ఒకటి ఉందంటే దాన్ని ఏదో లోపల తొక్కి పట్టి ఉంచింది. సారాయి చేసే పని కాదు అది.”

వరండాలో ఆదెయ్య భార్య మల్లేశ్వరి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆదెయ్య తమ్ముడు వీరబాబు ఫోనులో ఎవరినో తిడుతున్నాడు.

“డాక్టరు గారితో ఏం చెప్పావమ్మా?” అని అడిగింది గురవమ్మ.

“ఏముందండీ, మందు కొట్టి వచ్చి పడిపోయాడని చెప్పాను. ఎంత కొట్టాడన్నారు. తెల్లారినకాడ నుంచీ కొడతానే ఉన్నాడన్నాను. రోజూ కొడతాడా అన్నారు. రోజూ ఎందుకండీ, వారానికోసారి అన్నాను. ఆయన నవ్వి లోపలికి పోయారు.”

గురవమ్మ ఆమె ఎదుట కూర్చుంది.

మందు అంటే జబ్బుకు వేసుకునేదీ మందే, సీసాలో తాగేదీ మందే, పైరు మీద చల్లేదీ మందే. ఈ నల్లరేగడిలో మాత్రం మందు కొట్టడమంటే వీపున పంపు తగిలించుకుని పురుగుమందు చల్లడం తప్ప ఇంకో అర్థం ఎవరికీ ముందు తోచదు. విజయవాడ అపార్టుమెంట్లలో పెరిగిన నాగేంద్రబాబుకు ఆ మాటకున్న అర్థం వేరు. అతనూ మల్లేశ్వరీ తెలుగులోనే మాట్లాడుకున్నారు. ఎవరి అర్థంలో వారికి అన్నీ సరిగ్గా అతికాయి.

“దేనికి కొట్టాడు?”

“మిరపకండీ. తామరపురుగుకి. పంపు కారతందని మొన్నటి నుంచీ గోలే. చొక్కా వీపంతా తడిసిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయంటే మజ్జిగ తాగించాం. అది కక్కేశాడు.”

“ఆ చొక్కాయేనా ఒంటి మీదున్నది?”

“అదేనండీ.”

వీరబాబు ఫోను దించాడు. “అంటే తాగలేదా? వచ్చినకాడ నుంచీ ఆ డాక్టరు నన్ను తాగుబోతు తమ్ముడన్నట్టు చూశాడు! ఓ వదినా, సరిగ్గా చెప్పి చావొచ్చుగా!”

“నేను చెప్పింది తప్పేంటి? అర్థం చేసుకోలేనోడు డాక్టరెట్టా అయ్యాడు?”

“ఇద్దరూ నోరు మూసుకోండి” అంది గురవమ్మ. “వీరబాబూ, ఆ మందు డబ్బా ఎక్కడుందో అక్కణ్ణుంచి తీసుకురా. ఉత్త చేత్తో ముట్టుకోకు.”

నాగేంద్రబాబు డ్యూటీ రూములో భోజనం చేస్తున్నాడు. ఆమె చెప్పింది విని, చెయ్యి ఆపి, “పల్లెటూరి వాళ్ళ మాటలు పట్టుకుని నా డయాగ్నోసిస్ మారుస్తారా సిస్టర్?” అన్నాడు.

“వాళ్ళ మాటే మీరు పట్టుకుంది సార్. తప్పుగా పట్టుకున్నారు.”

“డాక్టరు మీరా, నేనా?”

“మీరే. అందుకే వచ్చాను. ఆర్డరు లేకుండా విరుగుడు సూది, అట్రోపిన్, వేస్తే నా ఉద్యోగం పోతుంది. మీరు రాయకపోతే అతను పోతాడు.”

“మజ్జిగ కంపు తప్ప పురుగుమందు వాసనేం రాలేదు నాకు.”

“మాస్కు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడితే ఏం వస్తుంది? వచ్చి చెయ్యి పట్టుకోండి. ఒక్క నిమిషం. అంతా బాగుందంటే అందరి ముందూ క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను.”

క్షమాపణ అనే మాటకు అతను లేచాడు. ఆమెను ఆ స్థితిలో చూడాలన్న కోరిక ఆ ఆసుపత్రిలో చాలామందికి ఉంది.

అతను మంచం పక్కన నిలబడి మణికట్టు పట్టుకున్నాడు. పదిహేను సెకన్లకు వదలబోతే గురవమ్మ, “నిమిషం అన్నాను” అంది. వార్డంతా వింటోంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టాడు. నలభయ్యో సెకను దగ్గర నాడి ఆగింది. అతను ఆమె ముఖంలోకి చూశాడు. మానిటరు మీద గీత చదునుగా పోయి, పోయి, మళ్ళీ లేచింది. ఆ నిమిషానికి ముప్ఫై ఆరు. స్టెతస్కోపు గుండె మీద పెట్టేసరికి ఊపిరితిత్తుల్లో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి.

“అట్రోపిన్ తియ్యండి” అన్నాడు గొంతు తగ్గించి. తరువాత ఇంకా తగ్గించి, “మీ సంగతి మేనేజ్‌మెంటుతో మాట్లాడతాను” అన్నాడు.

“మాట్లాడుకోండి. ఎంత డోసో గట్టిగా చెప్పండి, రాసుకోవాలి.”

శ్రీరమ్య గ్లవుజులు వేసుకుని చొక్కాను కత్తెరతో చీల్చింది. ఒళ్ళంతా సబ్బునీళ్ళతో కడిగారు. వీపు మీద పంపు ఆనిన మేర చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. రెండు గంటల నుంచీ మంచం మీద పడుకోబెట్టి, ఆ చొక్కా ద్వారా మనిషికి విషం పట్టిస్తూనే ఉన్నారన్నమాట. మొదటి సూదికి గుండె నలభై నాలుగుకు వచ్చింది. ఐదు నిమిషాలాగి రెట్టింపు వేశారు. అరవై. మళ్ళీ రెట్టింపు. ఎనభై ఎనిమిది. మెల్లగా చెమట ఆరింది, చొంగ ఆగింది, ఊపిరి చప్పుడు తేలికైంది. డబ్బా వచ్చింది. దాని మీది పేరు చూసి నాగేంద్రబాబు విరుగుడు ఇంకొకటి రాశాడు. రాస్తున్నంత సేపూ గురవమ్మ వైపు చూడలేదు.

సాయంత్రానికి మానిటరు నూట పన్నెండు చూపించింది. ఈసారి గొడవ వీరబాబు తెచ్చాడు.

“మధ్యాహ్నం తక్కువన్నారు. ఇప్పుడు నూట పన్నెండేంటి? గుండె పగిలిపోద్ది! ఆ సూదులు ఆపండి!”

“మేమే పరిగెత్తిస్తున్నాం. ఊపిరితిత్తులు పొడిగా ఉంచాలంటే ఆ మాత్రం పరిగెత్తాలి. ఇప్పుడు ఆపితే మళ్ళీ ముప్ఫై ఆరుకి దిగుతుంది. అప్పుడు నువ్వు ఎక్కిస్తావా పైకి?”

శ్రీరమ్యకూ భయంగానే ఉంది. “కొంచెం తగ్గిద్దామా మేడమ్?” అంది. గురవమ్మ చూసిన చూపుకు ఆ మాట అక్కడే ఆగిపోయింది.

చీకటి పడేవేళకు ఆదెయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. గాల్లోంచి పురుగులను ఏరి కింద పారేస్తున్నాడు. సూది పీకబోయాడు. పట్టుకోబోయిన గురవమ్మను బూతులు తిడుతూ చెంప మీద కొట్టాడు. అట్రోపిన్ ఎక్కువైతే బుద్ధి అలా తప్పుతుందని ఆమెకు తెలుసు. డాక్టరుకు చెప్పి డోసు కాస్త తగ్గింపజేసి, రెండు చేతులూ మెత్తటి గుడ్డతో మంచానికి కట్టేసింది. వీరబాబు దాన్నంతా ఫోనులో వీడియో తీశాడు.

“మా అన్నని గొడ్డుని కట్టేసినట్టు కట్టేశారు. ఊరంతా చూపిస్తా.”

“నా చెంప కూడా తియ్యి” అంది ఆమె.

వీడియో మర్నాటికి చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు తిరిగింది. మూడో రోజు మేనేజ్‌మెంటు రెండు కాగితాలు పంపింది. పేషెంటును ఎందుకు కట్టేశావని ఒకటి, డాక్టరుతో అమర్యాదగా ఎందుకు మాట్లాడావని ఇంకొకటి. కేసు షీటులో మద్యం మత్తు అన్న ముక్క అప్పటికే కనపడకుండా పోయింది. మొదటినుంచీ పురుగుమందేనని కొత్త కాగితం మీద చక్కటి దస్తూరితో ఉంది. గురవమ్మ రెండింటికీ కలిపి ఒకే జవాబు రాసింది: “పేషెంటు బతికి ఉన్నాడు. అతన్నే అడగండి.”

ఐదో రోజు పొద్దున ఆదెయ్య తెలివిగా ఉన్నాడు. ఇడ్లీ తింటున్నాడు. ఛార్టులో నాడి ఎనభై రెండు, తడబాటు లేదు.

“ఎప్పుడు పంపుతారు?” అన్నాడు. మంచీ చెడ్డా పలకరింపేమీ లేదు.

“ఇంకో మూడు రోజులు చూడాలి. మెడ ఎత్తలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే చెప్పాలి. ఇంటికి పోయినాక కూడా నెల దాకా పంపు ముట్టుకోకూడదు.”

“రెండెకరాలు మిగిలిపోయింది. నెలాగితే పురుగు నమిలేస్తది.”

“మళ్ళీ ఇలాగే వస్తే ఈసారి తిరిగిపోవు.”

“చేను నువ్వు చూస్తావా?” అన్నాడు ఆదెయ్య.

మల్లేశ్వరి భర్తను వారించలేదు. ఆమె కూడా అదే ప్రశ్న అడుగుతున్నట్టు గురవమ్మ వైపు చూసింది.

“చొక్కా కిందా పైనా ప్లాస్టిక్ కవరు కట్టుకో. కారే పంపు బాగు చేయించుకో. గాలికి ఎదురు నడవకు” అంది గురవమ్మ కోపంగా.

“తెలుసులే” అని అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.