అంగారకుడి గ్యాసు, మా బాపు

మా బాపు మందమర్రి బొగ్గుబాయిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదలవకముందే అందరికంటే ముందు కిందికి దిగి, చేతిదీపంతో గ్యాస్ ఉందో లేదో చూడటం ఆయన పని. దీపం మంట మీద నీలం టోపీలాంటిది లేస్తే గ్యాస్ ఉన్నట్టు. ఆయన సరేనంటేనే మిగతావాళ్లు దిగాలి. ఉద్యోగం పోయినా ఆ జబ్బు మాత్రం పోలేదు. ఇప్పటికీ మా వంటింట్లో సిలిండర్ దగ్గర రోజుకు నాలుగుసార్లు ముక్కు పెట్టి చూస్తాడు. నేను చాయ్ పెట్టినా ఆయనకు అనుమానమే.

అలాంటి ఇంట్లోకి, తొమ్మిదో తరగతి చదివే నా బిడ్డ టైరు ట్యూబు నిండా గోబర్‌గ్యాస్ పట్టుకొచ్చింది. మర్నాడు మంచిర్యాలలో సైన్స్ ఫెయిర్. అంగారకుడి మీదికి పోయిన రాకెట్ తిరిగి రావడానికి కావలసిన ఇంధనమంతా ఇక్కడినుంచే మోసుకుపోవడం కష్టం గనక, అక్కడి గాలితో, అక్కడి మంచుతో మీథేన్ తయారుచేసుకోవాలన్నది దాని ప్రాజెక్టు. ఆ మీథేన్ ఎలా మండుతుందో చూపించడానికే ఈ ట్యూబు. బాయిలో బాపు వెతికిందీ ఆ గ్యాసునే.

“గా గ్యాస్ ఎవ్వలు ముట్టియ్యద్దు. ఈడా వద్దు, ఆడా వద్దు,” అన్నాడు బాపు.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ట్యూబును తీసుకుపోయి పెరట్లో జామచెట్టుకు కట్టేశాడు. మంట లేకపోతే బిడ్డ ప్రాజెక్టులో మిగిలేది అట్టముక్కల రాకెట్టే. అది అలిగి అన్నం మానేసింది. తాతా మనవరాలూ ఒకే రకం మొండిఘటాలు. ఇద్దరి మీదా కోపం వచ్చింది నాకు, ఇద్దరూ ముద్దొచ్చారు కూడా.

సాయంత్రం అదే వెళ్లి ఆయన మంచం మీద కూర్చుంది.

“తాతా, మనుషులు ముందుగాల పోరు. ముందు మిషన్ ఒక్కటే పోతది. గ్యాస్ చేసి, ట్యాంకులు నింపి, నిండినయని ఖబర్ పంపుతది. గప్పుడే మనుషులు ఈడికెళ్లి బయలెల్లుతరు.”

బాపు లేచి కూర్చున్నాడు. “అది చెప్పేదాంక ఎవ్వలు కదలరా?”

“కదలరు.”

“మరి ఆఖరికి దాన్ని వాపస్ తెస్తరా?”

“తేరు తాతా. అది ఆడనే ఉంటది.”

ఆ జవాబు ఆయనకు నచ్చలేదు. అయినా చెప్పులేసుకుని పెరట్లోకి పోయి తాడు విప్పాడు. “జర ఎనుకకు జరుగుండ్రి. నేనే ముట్టిస్త. రేపు గూడ నేనొస్త,” అన్నాడు. గొట్టం కొసన నీలం మంట లేచింది. బిడ్డ చప్పట్లు కొట్టింది.

బాయిలో అందరూ బాపు మాట మీద దిగేవాళ్లు. ఆయన ఎవరి మాట మీద దిగేవాడో నేను ఒక్కనాడూ అడగలేదు. సిగ్గనిపించి అప్పుడు అడిగాను.

బాపు మంట పూర్తిగా ఆరిందో లేదో వంగి చూస్తున్నాడు. “ఎవ్వల మాటనే బిడ్డా? పొద్దుగాల నువ్వు పండుకొని ఉంటుంటివి. నీ మొఖం చూసి పోయేటోన్ని.”