మార్కాపురంలో నాకు పాత పలకలు దొరకలేదు

గుంటూరులో నాకో చిన్న కాఫీ షాపు ఉంది. రెండు నెలలుగా అందులో ఈగలు తోలుకుంటున్నాను. ఇక మూసేద్దామనుకుంటుంటే మా చెల్లెలు ఫోనులో ‘డార్క్ అకాడెమియా’ అనే కొత్త ఫ్యాషన్ ఫోటోలు చూపించింది. మసక వెలుతురు, కొవ్వొత్తులు, అట్టలూడిన పుస్తకాలు, మన ఎండల్లో కూడా ఉన్నికోటు తొడుక్కుని మహా పండితుల్లా పోజులిచ్చే కుర్రకారు. నవ్వొచ్చింది. కానీ ఆ ఫోటోల కోసమైనా జనం వస్తారని ఆశ పుట్టింది. వాళ్లకి పాత పుస్తకాలైతే మనకి పాత పలకలు! మార్కాపురంలో పలకలు చేసే కరీమ్ భాయ్ నంబరు సంపాదిస్తే, గోదాములో ఉన్న పాత సరుకు ఫోటోలు పంపాడు. గీతలు, దుమ్ము, రంగు వెలిసిన చెక్క ఫ్రేములు, అబ్బ, ఎంత బాగున్నాయో! “చదువుకునే వాతావరణం కోసం భాయ్, నలభై పక్కన పెట్టండి” అని చెప్పాను. ఆదివారం షాపు కొత్త హంగులతో తెరవాలి.

గురువారం పొద్దున్నే గుంటూరులో నంద్యాల వైపు వెళ్లే రైలెక్కాను. దొనకొండ దాటాక పొలాల్లో రాళ్లు ఎక్కువ, పచ్చదనం తక్కువ. మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగేసరికి పదయింది. అక్కణ్ణుంచి ఊళ్లోకి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు తీసుకున్నారు.

“పలకలకా అక్కా? ఇప్పుడు పిల్లోళ్లంతా ఫోన్లే గీకుతుండారు. ఎవరు రాస్తారు ఇంక?” అన్నాడు డ్రైవరు.

“గోడకి తగిలించడానికిలే.”

“గోడకా!” అని అద్దంలోంచి నన్నోసారి చూశాడు.

షెడ్డులో కరీమ్ భాయ్ ఎదురొచ్చాడు, అతని భార్య రసూల్‌బీ నవ్వుతూ గోనెపట్టా తొలగించింది. నలభై పలకలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి. మచ్చుకి ఒక్క గీత లేదు, ఫ్రేములు కూడా కొత్తవే.

“ఇవి కాదు భాయ్! ఫోటోలో ఉన్న పాతవి కదా నేనడిగింది?”

“అవేనమ్మా ఇవి,” అన్నాడు గర్వంగా. “కొత్తగా మొదలుపెట్టే చోటికి ఎవరో గీకిన పలకలు ఎట్ల ఇస్తాము? వేరే పని ఆపుకోని అన్నీ రుద్ది, కొత్త ఫ్రేములు బిగించినాము. దానికి ఎక్కువేం ఇయ్యొద్దులే.”

ఒళ్లు మండింది. ఆదివారం ఫోటోలు దిగేవాళ్లు రాకపోతే నా షాపు పని అయిపోయినట్టే. ఏదో అనేసేదాన్నే, అంతలో రసూల్‌బీ ఒక పలక తీసి దాని అంచు మీద నా వేలు పెట్టించింది.

“చూడమ్మా, యాడన్నా గుచ్చుకుంటాదా? పిల్లోళ్ల చేతులు కోసుకుంటాయని మూలలన్నీ నేనే అరగదీసినా. నీ కాడ ఎంతమంది చదువుకుంటారు?”

వాళ్లు నేను బడి పెడుతున్నాననుకున్నారు. చదువుకునే వాతావరణం అన్నది నేనే కదా! సిగ్గుతో చచ్చిపోయాను. “వస్తారక్కా” అన్నాను.

“మరి బలపాలు అడగలేదేంది?” అని ఒక పొట్లం నా సంచిలో పడేసింది.

బస్టాండు దగ్గర బిర్యానీ తిన్నాను, బాగుంది. తిరుగు రైల్లో పలకల మూట కాళ్ల దగ్గర పెట్టి, ఒక పలక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గోడకి తగిలించడానికి మనసొప్పలేదు. ఆదివారం వాటిని బల్లల మీద బలపాలతో పాటు పెట్టాను. ఫోటోల కోసం వచ్చిన వాళ్లు “పాత లుక్ లేదే” అని కాఫీ తాగి వెళ్లిపోయారు. మర్నాడు పైఅంతస్తులో ట్యూషన్ చెప్పే మేడమ్ ఆ పలకలు చూసి “సాయంత్రాలు మా పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టుకోనా? నెలకింతని ఇస్తాను” అని అడిగింది. ఈ నెల అద్దె ఎలాగో గట్టెక్కింది. వచ్చే నెల సంగతి నాకు తెలియదు.

మార్కాపురం వెళ్లేవాళ్లకి ఒక్క మాట. అక్కడ పలకలు కొంటే, వాటి మీద ఎవరు రాస్తారని మిమ్మల్ని అడుగుతారు. నిజమైన జవాబు పట్టుకెళ్లండి.