మామ బీడీలో కారం

మొన్న పెనుకొండ గవర్నమెంటు ఆస్పత్రిలో నన్ను చూసినోళ్లు వీడికేదో పెద్ద రోగమొచ్చిందనుకున్నారంట. రోగం కాదు, నా తెలివి.

మా మామది రొద్దం పక్కన పల్లె. గొర్రెలు కాస్తాడు, బీడీలు తాగుతాడు, దగ్గుతాడు. ఇంకా తాగితే ఊపిరి అందదని డాక్టరు గట్టిగానే చెప్పినాడు. అత్త ఒకటే దిగులు. మామ మాత్రం, "మందులు ఫ్రీనే కదబ్బా" అంటాడు.

నాకు తిక్క రేగింది. "చేతులారా తెచ్చుకున్న రోగానికి గవర్నమెంటు ఎందుకు ఖర్చు పెట్టాల మామా? అవి మా ట్యాక్సు దుడ్లు."

"నువ్వు యాడ కట్టినావు ట్యాక్సు?"

"బండికి పెట్రోలు కొట్టిస్తాండా కదా, దాంట్లో లేదా ట్యాక్సు?"

"అదీ మీ నాయన కట్టేదే కదప్పా."

ఇది మాటలతో అయ్యే పని కాదని తేలిపోయింది. మామ గొర్రెలకు నీళ్లు పెట్టేకి పోయినప్పుడు, గూట్లో ఉన్న బీడీకట్ట తీసి, ఒక బీడీ కొన విప్పి, అత్త కొట్టిన కొత్త కారం దూర్చినా. ఒక్క దమ్ము లాగితే జన్మలో బీడీ ముట్టడని నా ప్లాను. కొన మడిచి, మళ్లీ కట్టలో కలిపేసినా. రెండోది తీస్తాంటే చెమట కంట్లోకి జారింది. ఆ చేత్తోనే తుడుచుకున్నా. అది మండిందని కంగారులో రెండో కన్నూ నలిపినా.

నా అరుపులకు గొర్రెలు చెదిరిపోయినాయంట. నేను చూడలేదు, చూసేకి కండ్లుంటే కదా. మామ నా మొగాన కడవ నీళ్లు కుమ్మరించి, బీడీకట్ట జేబులో వేసుకుని, నన్ను బండెక్కించి పెనుకొండకు తెచ్చినాడు. దారంతా దగ్గుతానే.

సెలైన్‌తో కండ్లు కడుగుతా సిస్టర్ అడిగింది. "కారం ఎట్ల పడిందప్పా?"

"మామ బీడీలో పెడతాంటే..."

వార్డంతా నవ్వులే. మామ నా చెవి దగ్గరికి వంగినాడు. "అల్లుడా, ఈ సెలైన్ ఎవురి ట్యాక్సు?"

"మా నాయనదే మామా."

బయటికొస్తానే మామ అలవాటుగా ఒక బీడీ తీసినాడు. తిప్పి చూసినాడు. వాసన చూసినాడు. "యా బీడీలో పెట్టినావురా?"

"కండ్లు కనపడలేదు మామా. అన్నిట్లోనూ పెట్టినానేమో."

కట్ట మొత్తం కాలవలో విసిరేసినాడు.

ఇప్పుడు మామ కొత్త కట్ట తెచ్చుకున్నా, వెలిగించే ముందు అత్తను అడుగుతాడంట, "అల్లుడు ఏమన్నా వచ్చిపోయినాడా?" అని.

"ఇప్పుడే పోయినాడు" అంటుందంట అత్త, రోజూ.

నేనా? కండ్లుబ్బి ఇంకా మా ఇంటి గడపే దాటలేదు.