కాలవగట్టు చెట్ల మీద అంకెలు

నా భార్య పోయినప్పుడు నేను ఏడవలేదు. గుండె నిబ్బరమూ కాదు, ప్రేమ లేకపోవడమూ కాదు. ఏడుపు రాలేదు, అంతే. డెబ్బయ్యో దశకం మధ్యలో మాట ఇది. మేం కంకిపాడులో ఉండేవాళ్ళం. నేను అక్కడి హైస్కూల్లో డ్రాయింగు మాస్టర్ని. ఆవిడ బెజవాడలో ఒక ఆసుపత్రిలో నర్సు, రోజూ బస్సులో వెళ్ళివచ్చేది. ఆ ఏడు వానాకాలంలో ఆవిడకు కామెర్లు వచ్చాయి. తను డ్యూటీ చేసిన వార్డులోనే మంచం ఇచ్చారు. పదకొండు రోజులు ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పన్నెండో రోజు ఉదయం నేను కాఫీ తాగడానికి వీధిలోకి వెళ్ళి వచ్చేసరికి అయిపోయింది.

సమాధుల దొడ్డిలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే నేను గొయ్యి తవ్విన మనిషి చేతిలోని పార వైపు చూస్తున్నాను. దాని కర్ర కామ వదులుగా ఉంది. చిన్న చీల ఒకటి దిగ్గొడితే సరిపోతుంది కదా అనుకున్నాను. ఆ రోజు గురించి నాకు బాగా గుర్తున్నది అదే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది.

నాలుగో రోజు బడికి వెళ్ళాను. ఎనిమిదో తరగతికి కూజా బొమ్మ ఎలా వేయాలో చెప్పాను. మాస్టారు చాలా ధైర్యంగా ఉన్నారని తోటి పంతుళ్ళు అనుకున్నారు. మాకు పిల్లలు లేరు. మా అత్తగారు తన ఊరు వెళ్ళకుండా నాకు వండిపెట్టడానికి ఉండిపోయింది. ఆవిడకు ఒక్కతే కూతురు. ఆ ఇంట్లో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోకుండానే నెలలు గడిపాం. ఒకసారి మాత్రం ఆవిడ అడిగింది.

"ఒక్కసారి ఏడవండి బాబూ. లోపల పెట్టుకుంటే మంచిది కాదు."

"లోపల ఏమీ లేదండీ," అన్నాను.

నిజంగానే ఏమీ లేదు. సున్నం వేసిన ఖాళీ గదిలా ఉండేది.

బడి పని కాక నాకు ఇంకో పని కూడా ఉండేది. బెజవాడలో ఏలూరు రోడ్డు మీద ఒక పబ్లిషరుకు నవలల అట్టబొమ్మలు వేసేవాణ్ణి. ఆ రోజుల్లో నవలలు తెగ చదివేవారు. నెలకు రెండు, ఒక్కోసారి మూడు అట్టలు వేయాల్సి వచ్చేది. దాదాపు అన్నిటికీ ఒక అమ్మాయి ముఖమే కావాలి. వెనకాల మేడ గానీ సముద్రం గానీ ఉంటే చాలు. ముఖాలు వేయడంలో నాకు కాస్త పేరుండేది. ఆవిడ పోయిన తర్వాత కూడా వేశాను. కళ్ళు, ముక్కు, పెదవులు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. మూడో బొమ్మ తీసుకెళ్ళినప్పుడు పబ్లిషరు దాన్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. మర్యాదస్తుడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఈ అమ్మాయి మనల్ని చూడట్లేదండీ," అన్నాడు.

నేను కూడా చూశాను. అవును, చూడటం లేదు.

"కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి. పని ఎక్కడికీ పోదు," అని బొమ్మ చుట్టి నా చేతికిచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వచ్చాను. బాధ వేస్తుందేమోనని ఎదురుచూశాను. వేయలేదు. రంగుల పెట్టె అటక మీద పెట్టేశాను.

వేసవి సెలవులిచ్చారు. బడి ఉంటే గంట కొట్టినప్పుడల్లా లేచి ఇంకో తరగతికి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఆ గంట కూడా లేదు. ఒక ఉదయం కాలవల ఆఫీసులో పనిచేసే ఓవర్సీరు మా ఇంటికి వచ్చాడు. ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నాడు. బందరు రోడ్డు పక్కన కాలవగట్టు మీది చెట్లకు నంబర్లు వేయాలట. కిందటేడు వేరేచోట ఎవరో వేస్తే అంకెలు వంకరటింకరగా వచ్చి, మూడు ఏదో ఎనిమిది ఏదో తెలియక లెక్క తప్పిందట.

"మీ చేతిరాతయితే ఎవడూ వేలెత్తి చూపించలేడండి మాస్టారూ. సెలవులే కదా."

సరేనన్నాను. నంబర్లు ఎందుకని అడగలేదు. ఆలోచించనక్కరలేని పని కాబట్టి ఒప్పుకున్నాను.

నాకు తోడుగా లస్కరును ఇచ్చారు. గట్టుకు కాపలా కాస్తూ తూముల తలుపులు ఎత్తీ దించీ చేసే మనిషిని మా వైపు లస్కరంటారు. అరవైకి దగ్గరగా ఉంటాడు. సన్నగా, నల్లగా, చొక్కా మీద ఖాకీ కోటుతో ఉండేవాడు. ఎండలో కూడా ఆ కోటు విప్పేవాడు కాదు. పొద్దున్నే కలుసుకునేవాళ్ళం. అతను కత్తితో చెట్టు బెరడు పైపొర గీకి, జానెడు మేర నున్నగా చేసేవాడు. నేను అక్కడ తారు పూసేవాణ్ణి. పది చెట్లకు తారు పూసి వెనక్కి వచ్చేసరికి మొదటిది ఆరేది. దాని మీద తెల్లరంగుతో అంకె వేసేవాణ్ణి.

వేసవికి కాలవ కట్టేశారు. అడుగున బురద ఎండి పగుళ్ళిచ్చింది. అక్కడక్కడ గుంటల్లో మిగిలిన నీళ్ళ దగ్గర కొంగలు నిలబడేవి. గట్టు పొడుగునా గానుగలు, నిద్రగన్నేర్లు, తుమ్మలు, మధ్యలో వేపలు. ఆ రోడ్డు మీద బస్సులో కొన్ని వందలసార్లు తిరిగాను. ఒక్క చెట్టు ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేకపోయేవాణ్ణి. పచ్చగా ఉంటాయి, అంతే తెలుసు.

మొదటి రెండు రోజులూ అంకెలే చూశాను. మూడో రోజు అంకె వేయడానికి ఒక నిద్రగన్నేరు మొద్దు మీద ఎడమ చెయ్యి ఆనించాను. ఎండ మండిపోతోంది గానీ ఆ బెరడు నీడపట్టున చల్లగా ఉంది. చెయ్యి తీయాలనిపించలేదు. అంకె వేయడం అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉంచాను. సంతోషం కాదది. ఓదార్పు అన్న మాట కూడా నేను వాడను. ఆ చెట్టు నన్ను ఏమీ అడగలేదు. ఎలా ఉన్నారని అడగలేదు, ఏడవమని అడగలేదు. ఎనిమిది నెలలుగా మనుషుల ముందు ఏదో ఒక ముఖం పెట్టుకుని తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది. దాని ముందు అక్కర్లేకపోయింది.

లస్కరు దూరంగా నిలబడి బీడీ కాల్చుకున్నాడు. తొందరపెట్టలేదు.

ఆ తర్వాత పని నెమ్మదించింది. గానుగలు అప్పుడే కొత్తాకు వేసి పూతకొచ్చాయి. కింద నేలంతా పూలు రాలి, ఎవరో పేలాలు ఒలకబోసినట్టుండేది. తుమ్మ బెరడు గాట్లు లోతుగా ఉంటాయి, తారు వాటిలోకి దిగిపోయి అంకె నిలవదు. రెండుసార్లు పూయాలి. వేప మీద ఒక్కసారికే నిలుస్తుంది. ఇవన్నీ నా చేతికి తెలిశాయి.

"నిద్రగన్నేరు పొద్దుగూకేతలికి ఆకు ముడిచేత్తదండి," అన్నాడు లస్కరు ఒకరోజు. "వాన పడేలోపు కూడా ముడుత్తది. ఆకు సూసి నేను తూము కాడికి పోతా."

"ఎప్పుడైనా తప్పిందా?"

"నేను తప్పానండి. అది తప్పలేదు."

పని ఎక్కడున్నా, మధ్యాహ్నం గట్టు మీద ఇంకా ముందున్న ఒక గానుగ కిందికి నడిచి వెళ్ళి అన్నం తినేవాళ్ళం. అది కాలవ మీదికి వాలి ఉండేది. ఒకరోజు తిని పని దగ్గరికి తిరిగొచ్చాక, అంకెల వరస రాసుకునే కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలుతో ఎదురుగా ఉన్న చెట్టు బెరడు గీయడం మొదలుపెట్టాను. బొమ్మ వేద్దామని కాదు. కన్ను ఎక్కడికి వెళ్తే చెయ్యి అక్కడికి వెళ్ళింది. గాటు వెనక గాటు, ముడి, విరిగిన కొమ్మ తాలూకు మచ్చ. ఎంతసేపు గీశానో తెలియదు. లస్కరు కునుకు తీసి లేచి, నా భుజం మీంచి చూశాడు.

"ఇది నలభై ఏడండి," అన్నాడు.

నేను చెట్టు వైపు తిరిగి చూశాను. తారు మీద నేనే రాసిన నలభై ఏడు.

"బొమ్మలో అంకె వెయ్యలేదే నేను, ఎలా తెలిసింది?"

"కొమ్మిరిగిందిగదండీ పడమటేపు. మొన్నటి గాలివానకి. ఆ మచ్చుందిగా మీ కాయితంలో."

ముఖాలు వేసేవాడి బొమ్మను చూసి ఇది ఫలానా అని ఒకరు గుర్తుపట్టడం, అన్ని నెలల తర్వాత అదే మొదటిసారి. ఆ సాయంత్రం అటక మీంచి పెట్టె దించాను. అత్తగారు చూసి, వెళ్ళి కంచం పెట్టింది. అన్నానికి కూర్చున్నాను. పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, "ఉప్పు తక్కువైనట్టుందండీ అత్తయ్యగారూ," అన్నాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఏం పొరపాటు మాట అన్నానో నాకు అర్థం కాలేదు. చాలాసేపటికి ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "మూడు నెలల్నించి ఒక్కోరోజు అసలు వెయ్యటమే మర్చిపోతన్నా బాబూ. మీరు ఒక్కసారన్నా అనలేదు," అంది.

వందో చెట్టు దాటిన తర్వాత, నంబర్లు ఎందుకని లస్కరును అడిగాను.

అతను నా ముఖం వైపు వింతగా చూశాడు. "మీకు తెలవదాండీ? రోడ్డు ఎడల్పు చేత్తారంట. కొట్టేత్తానికి వేలం ఎయ్యాలిగా. ఎవురికి ఏ చెట్టో అంకె ఉంటేనేగా తెలిసేది."

నేను బ్రష్షు పట్టుకుని ఉన్నాను. రంగు కారి నా మణికట్టు మీదికి వచ్చింది. ఆసుపత్రిలో ఆవిడ మంచానికి కూడా ఒక అంకె ఉండేది. తలవైపు గోడ మీద, నల్ల పలక మీద తెల్ల అంకె. పదకొండు రోజులూ దాన్నే చూశాను. అది గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. ఆ అంకె నాకంటే బాగా రాశారని మాత్రం అనిపించింది. పని ఆపలేదు. ఆపి ఉండాల్సిందని తర్వాత చాలామంది అన్నారు. నేను ఆపితే ఇంకొకరు వేస్తారని నాకు తెలుసు. కానీ ఆపకపోవడానికి కారణం అది కాదు. ఆపితే ఇంటికి వెళ్ళాలి.

నూట పదిహేడు వేశాం. దాని తర్వాతది మేం అన్నం తినే గానుగ. లస్కరు కత్తి తీశాడు. నేను దాన్ని దాటి ముందుకు నడిచి, తర్వాతి వేపకు తారు పూశాను. అతను ఒక క్షణం ఆగాడు. కత్తి ఒరలో పెట్టి, తారు డబ్బా ఎత్తుకుని నా వెనకే వచ్చాడు.

పని పూర్తయిన మర్నాడు ఓవర్సీరు సైకిలు మీద తనిఖీకి వచ్చాడు. ఆ గానుగ దగ్గర దిగాడు.

"మాస్టారూ, ఇదొకటి తప్పిపోయినట్టుందండీ."

"చూళ్ళేదండీ," అన్నాను.

ఆయన చెట్టు కింద నలిగిన గడ్డి వైపు, అక్కడ మేం పెట్టుకున్న మంచినీళ్ళ కుండ వైపు చూశాడు. తెలిసినట్టే ఉంది. గొంతు తగ్గించి, "నా చేతుల్లో ఏముందండీ. నేను వదిలేసినా పైవాళ్ళు వచ్చి చూస్తారు. ఈ పెద్దాయన ఉద్యోగానికి మాటొస్తుంది," అన్నాడు.

లస్కరు నేల చూపులు చూస్తున్నాడు. అతనికి ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. నేనే అతని దగ్గర కత్తి తీసుకుని బెరడు గీకాను. తారు పూసి, ఆరేదాకా ముగ్గురం నీడలో నిలబడ్డాం. అంకె వేశాను. నూట పదిహేడుకీ నూట పద్దెనిమిదికీ మధ్యలో రెండు వందల ముప్ఫై ఒకటి. చక్కగా వచ్చింది.

వేలానికి ఇంకా మూడు వారాలుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక్కొక్క చెట్టే వేశాను. అన్నీ వేయలేకపోయాను. తొంభై దాకా అయ్యాయి. కొన్నిటికి మొద్దు మాత్రమే, కొన్నిటికి ఒక్క కొమ్మ. రంగులు వాడలేదు, పెన్సిలు, బొగ్గు. వేస్తున్నంతసేపూ మనసు నీళ్ళు నిలిచిన మడిలా ఉండేది. చెట్టు కిందినుంచి లేచి నాలుగడుగులు వేస్తే మళ్ళీ మామూలే.

బడి తెరిచారు. కాలవకు నీళ్ళు వదిలే ముందు చెట్లు కొట్టడం మొదలైంది. నేను వెళ్ళి చూశాను. రంపం లాగేవాళ్ళు ఇద్దరిద్దరు చొప్పున పనిచేస్తున్నారు.

"సూడమాకండి మాస్టారండీ, బడికెళ్ళండి," అన్నాడు లస్కరు.

వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద ఒక లారీ నన్ను దాటింది. దాని మీద మొద్దులు. నా అంకెలు వరసగా రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి, ఒక్కటి కూడా చెదరలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. "చెట్లు కొట్టేశారండీ," అందామని నోరు తెరిచాను. "చెట్లు" దాకా వచ్చి మాట ఆగిపోయింది. కన్నీళ్ళు రాలేదు. అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ చేట పక్కన పెట్టి వచ్చి, నా పక్కనే కూర్చుంది. అంతకుముందు ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదు. "తెలుసు బాబూ," అంది. ఏది తెలుసో నేను అడగలేదు. రొమ్ములో ఎడమవైపు నొప్పిగా ఉంది. చాలా రోజులకు ఒక చోటు నొప్పి పుట్టింది.

ఆ బొమ్మల్లో ఒకదాన్ని పబ్లిషరుకు చూపించాను. కాలవ మీదికి వాలిన గానుగ. ఆయన దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు.

"బాగుందండీ. కానీ ఈ నవల్లో చెట్టు లేదండీ మాస్టారూ."

"ఉండదని తెలుసండీ. చూపిద్దామని తెచ్చాను."

ఆయన ఉంచుకున్నాడు. తర్వాత ఎవరివో కవితలు అచ్చువేసినప్పుడు దాన్ని అట్ట మీద వేశాడు. ఆ పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. నాకు మాత్రం మళ్ళీ పని ఇవ్వడం మొదలుపెట్టాడు. ముఖాలు రావడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది. వచ్చినవి కూడా పాతవాటిలా లేవు. బుగ్గలకు నునుపు తగ్గిందని పాఠకులు ఉత్తరాలు రాశారట.

ఉయ్యూరు వైపు గట్టు మీద చెట్లు మిగిలాయి. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోయాక సైకిలు మీద అక్కడికి వెళ్ళేవాణ్ణి. చెయ్యి ఆడకపోతే ఊరికే కూర్చునేవాణ్ణి. లస్కరును ఆ వైపు తూముకు మార్చారు. అప్పుడప్పుడూ వచ్చి, కాస్త ఎడంగా గొంతుకూర్చుని బీడీ వెలిగించేవాడు.

"ఇయ్యాల ఏమన్నా గీశారాండీ?" అని అడిగేవాడు.

"లేదు పెద్దాయనా."

"పోన్లెండి," అని బీడీ కాల్చుకుంటూ కాలవలో నీళ్ళు చూస్తూ ఉండేవాడు.