చిన్న దుఃఖాలకే వాడే మాట

మా ఇంగ్లీషు సార్ పోయారని బుధవారం పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. నంద్యాలలో మా ఎరువుల అంగడి అప్పుడే తీశాను. ఎదురుగా దొర్నిపాడు రైతులు నలుగురు నిలబడి ఉన్నారు. నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటంటే, రేపు గురువారం కదా, అంగట్లో ఎవరు కూర్చుంటారు అని. ఇంత స్వార్థపరుడు ఆయన స్మృతిలో ఇది రాయడమేమిటని మీరనుకుంటే తప్పు లేదు. ఆ గురువారాల సంగతి చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెప్పాలి.

అప్పుడు మేము ఆళ్లగడ్డలోనే ఉండేవాళ్లం. తొమ్మిదో తరగతిలో సార్ మాకు 'చీర్ అప్' అనే మాట చెప్పారు. గైడ్‌లో 'దిగులు మానుకో, సంతోషంగా ఉండు' అని ఉంటే బట్టీ పట్టాను. అదే వారం జ్వరంతో సార్ భార్య చనిపోయింది. క్లాసంతా వాళ్లింటికి వెళ్లాం. లీడర్ని నేను, ఏదో ఒకటి అనాలి కదా. శవం పక్కన కూర్చున్న మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "చీర్ అప్ సార్" అన్నాను. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. హెడ్‌మాస్టరు నా చెవి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

కర్మలు అయ్యాక సార్ బడికి వచ్చారు. నన్ను కొట్టలేదు. బోర్డు మీద మళ్లీ అదే మాట రాశారు.

"అర్థం గైడ్‌లో ఉంటాదప్పా. వాడకం మనుషుల దగ్గర నేర్చుకోవల్ల. ఆటలో ఓడిపోయినోనికి చెప్పు. మార్కులు తగ్గినోనికి చెప్పు. ఇది చిన్న దుఃఖాలకే వాడే మాట. పెద్దదాని దగ్గర ఊరికే కుచ్చోవల్ల."

నా వైపు చూడకుండా చెప్పారు. అలా చూడకపోయినందుకు ఇప్పటికీ ఆయనకు దండం పెడతాను.

తర్వాత మేము నంద్యాలకు మారి అంగడి పెట్టాం. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా నాయనకు పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలు అంగడి చూసుకోమన్నారు అందరూ. ఆ నాలుగు నెలలు మొదలై ఇరవై రెండేళ్లయింది. ముందు రైతులు, వెనక గదిలో మంచం మీద నాయన, మధ్యలో పురుగుమందుల వాసనలో నేను. రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరవకూడదంటారు. నేను పెట్టలేదు, పెట్టించారు. వచ్చినవాళ్లు "కన్నతండ్రికి చేస్తాండావ్, పుణ్యమప్పా" అంటే నాకు ఒళ్లు మండుతుంది. నాయన మీద నాకు కోపం లేదు. పుణ్యం పేరు చెప్పి బయట గడియ పెట్టేవాళ్ల మీదే కోపం.

రిటైరయ్యాక సార్ ఒక గురువారం బీపీ మాత్రల కోసం నంద్యాల వచ్చి, అంగట్లోకి తొంగిచూశారు.

"ఎట్లుండావప్పా?"

"ఇరుక్కుపోయినా సార్."

"ఊ. ఇరుక్కుపోయినావు," అన్నారు.

అన్నేళ్లలో ఆ నిజాన్ని ఒప్పుకున్న మొదటి మనిషి ఆయనే. నా స్టూలు లాక్కుని కూర్చున్నారు. "రెండు గంటలు నేనుంటా. యాడికన్నా పోయిరాపో."

"యాడికి సార్?"

"నాకెందుకు చెప్తావ్? పో."

బండి తీసుకుని మహానంది రోడ్డు మీద అరటితోటల దాకా వెళ్లాను. ఏం చేయాలో తెలియక గట్టు మీద కూర్చుని వచ్చేశాను. ఆ రాత్రి నాయన మీద విసుక్కోలేదు.

అప్పటి నుంచి ఏడేళ్లు ప్రతి గురువారం వచ్చారు. ఆయన వ్యాపారం మాత్రం దేవుడికెరుక. డబ్బా మీది ఇంగ్లీషంతా రైతుకు చదివి అర్థం చెప్పి, "విషమని రాసిండాడు సూడప్పా, నిజంగా కావల్నా?" అని అడిగేవారు. సగం మంది కొనకుండా పోయేవాళ్లు. లోపలి నుంచి నాయన ముద్దమాటలతో తిడుతుంటే సార్ నవ్వేవారు. నాతో 'చీర్ అప్' అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

ఆ బుధవారం నాయన దగ్గర పక్కింటామెను ఉండమని చెప్పి, సీజన్ మధ్యలో షట్టర్ దించాను.

"ఏందప్పా, ఈ యాళప్పుడు మూస్తాండావ్?" అన్నాడొక రైతు. సంగతి చెప్పాను. ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఆ చదివి సెప్పే సారా?"

ఆళ్లగడ్డలో అంతా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. సార్ ఉండేది కూతురి ఇంట్లోనే. ఆ అమ్మాయి పక్కన గోడకానుకుని ఊరికే కూర్చున్నాను. కాసేపటికి తనే అంది.

"నీ కోసరం వస్తాండె అనుకున్యావా అన్నా? ఈ రెండు గదుల్లో నాయనకూ మా ఆయనకూ మాటల్లేవు. పొద్దంతా ఆ మూల గోడ సూస్తా కుచ్చుంటాండె. గురువారం ఒక్కటే ఆయనది. బస్సుకు చిన్నపిల్లోని మాదిరి ఉరుకుతాండె."

ఏడేళ్లలో నేనొక్కసారి కూడా "మీరెట్లుండారు సార్?" అని అడగలేదు. ఆ గోడ దగ్గర అది గుర్తొచ్చి ఏడ్చాను.

ఆ మూలలో ఒక చాప, రెండు పుస్తకాలు ఉన్నాయి. పైన మేకుకు తెల్ల చొక్కా వేలాడుతోంది. గురువారానికని మంగళవారం సాయంత్రమే ఇస్త్రీ చేసుకుని పెట్టుకున్నారట. ఇంకా మడత నలగలేదు. ఫ్యాన్ గాలికి చొక్కా చేతులు మెల్లగా కదులుతున్నాయి.