కార్డులో మొదటి రోజు

మా ముత్తాతగారు తాలూకా బోర్డు సభ్యులు. తాతగారు దెందులూరు దగ్గర మా గ్రామానికి మునసబు. పై అధికారులు క్యాంపుకు వస్తే మా సావిట్లోనే కుర్చీలు వేసేవారు. నాన్నగారి హయాంలో మాగాణి ఏటేటా తరుగుతూ వచ్చి, నా చదువు నాటికి ఇల్లూ పెరడూ మిగిలాయి. నేను నర్సింగ్‌లో చేరినప్పుడు మా పెదనాన్నగారు, "మునసబుగారి మనవరాలు మంచాల కింద బేసిన్లు తీస్తుందా?" అన్నారు. తీశాను. ముప్ఫై నాలుగేళ్లు తీసి, తీయించి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. వంశం గొప్ప చెప్పడానికి ఇది రాయడం లేదు. తరువాత జరిగిన పొరపాటులో మా ఇంటి పెంపకానికీ భాగం ఉంది.

2016 జూన్‌లో, ఏలూరులో నేను పనిచేస్తున్న ప్రైవేటు ప్రసూతి ఆసుపత్రిలో, పిల్లల కోసం మందులు వాడేవారి ఓపీకి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి పీసీఓఎస్ ఉండేది. అండాశయంలో చిన్న చిన్న నీటి బుడగలు చాలా ఉంటాయి గానీ, ఏదీ పూర్తిగా పెరిగి అండాన్ని విడుదల చెయ్యదు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంది, లేదా మాత్రలతో రప్పించాలి. చికిత్స అంతా రోజుల లెక్క మీద నడుస్తుంది. నెలసరి రెండో రోజు నుంచి అయిదు రోజులు మాత్రలు, పదకొండో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కాన్. బుడగ పద్దెనిమిది మిల్లీమీటర్లు దాటితే దంపతులు కలవవలసిన రోజులు చెబుతాం. ఈ తేదీలన్నీ ఒక కార్డు మీద ఉంటాయి. కార్డులో మొదటి గడి, నెలసరి మొదలైన తేదీ. అది రాయవలసింది నేను. స్కాన్ గది వారూ డాక్టరుగారూ దాన్ని చూసే మిగతా లెక్క వేసుకుంటారు.

శ్రీలత ఆ జూలైలో వచ్చింది. ఇరవై ఏడేళ్లు, పెళ్లయి అయిదేళ్లు. అత్తవారిది మండవల్లి దగ్గర ఊరు. అది అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది. భర్త సత్తిబాబు కొల్లేటి అంచున చేపల చెరువు చేసేవాడు, పడక చెరువు గట్టు మీద పాకలోనే. ఆసుపత్రి నుంచి ఫోన్ వెళ్తే ఆ రోజుల్లో ఇంటికి వస్తానని ఒప్పుకున్నాడు. శ్రీలత వెంట ఎప్పుడూ అత్తగారు మహాలక్ష్మమ్మగారు వచ్చేవారు. కోడలి మీద ప్రేమ గల మనిషి. నెలసరి రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్లు బయటికి ప్రయాణం చెయ్యరు కాబట్టి మాత్రలకు ముందు రెండో రోజు తీసే స్కాన్‌కు రాలేమని ముందే చెప్పారు. డాక్టరుగారు ఒప్పుకుని మాత్రలు ముందుగానే ఇచ్చి పంపారు.

తేదీ అడిగితే మహాలక్ష్మమ్మగారు సంచిలోంచి క్యాలెండర్ కాగితం తీసేవారు. దాని మీద నెలకొక పసుపు చుక్క. "నేను గుర్తు పెట్టకపోతే ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ గుర్తుండదండీ సిస్టరుగారూ. చెరువులో చేపపిల్ల వదిలిన రోజు కూడా మావాడు నన్నే అడుగుతాడండీ" అని నవ్వేవారు. పసుపు చుక్క ఉన్న తేదీనే నేను కార్డు మీద రాశాను. మొదటి నెలా, రెండో నెలా, మూడో నెలా.

మూడు నెలలూ స్కాన్ రిపోర్టు ఒకటే. పెద్ద బుడగ ఏదీ లేదు. డాక్టరుగారు మాత్ర మోతాదు రెండుసార్లు పెంచారు. సత్తిబాబుకు ఒక్కసారి కూడా ఫోన్ వెళ్లలేదు. రెండో నెలా, మూడో నెలా నెలసరి మందు అవసరం లేకుండా దానంతట అదే వచ్చింది. అండం విడుదలైతేనే సాధారణంగా అలా వస్తుంది. ఆ సంగతి తెలిసిన నేను దాన్ని పట్టించుకోలేదు. మూడో నెల స్కాన్లు అయ్యాక మాత్రలు పనిచెయ్యడం లేదని నిర్ణయించి, కడుపులోకి గొట్టం పంపి అండాశయం మీద వేడితో చిన్న రంధ్రాలు చేసే ఆపరేషన్‌కు విజయవాడ రాశారు.

అక్టోబరు ఇరవై అయిదున శ్రీలత ఆ ఫైలు కోసం ఒంటరిగా వచ్చింది. అత్తగారు కూతురికి జ్వరమని తాడేపల్లిగూడెం వెళ్లారట. వాడిన మాత్రల ఖాళీ అట్టలు ఫైలుకు జతచేయడం మా పద్ధతి. శ్రీలత అట్ట తీసి ఇస్తూ, "మందు కూడా పట్టని ఒళ్లండీ నాది. కోసి చూస్తేనైనా ఏముందో తెలుస్తుంది" అంది. అట్ట వెనక ఒక్కో మాత్ర దగ్గర పెన్నుతో తేదీ వేసుకుంది. ఆరు నుంచి పది వరకు. కార్డులో నేను రాసిన మొదటి రోజు తొమ్మిది.

"రెండో రోజు నుంచి వేసుకోమంటే ముందే మొదలుపెట్టావేమ్మా?" అని అడిగాను.

"రెండో రోజే వేసుకున్నానండీ. అయిదో తారీకున బయట చేరాను."

"మరి ఈ తొమ్మిది?"

"అది తలస్నానం చేసిన రోజండీ. అత్తయ్యగారు అక్కడినుంచి లెక్కపెడతారు."

ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగి ఉంటాను. ఆ అమ్మాయి తడుముకోకుండా జవాబు చెప్పింది.

"మీరు ఆవిడనే అడిగారండీ. నన్ను అడగలేదు."

అది నిజం. పెద్దవాళ్లు ఉండగా చిన్నవాళ్లను అడగడం మా ఇంట్లో మర్యాద కాదు. ఆ అలవాటుతోనే నేను కార్డు పట్టుకుని అత్తగారి వైపు తిరిగేదాన్ని. ఆ ఇంటి లెక్క కూడా నాకు కొత్త కాదు. మా పెరట్లో అందుకోసమే ఒక గది ఉండేది. పదమూడో ఏట నుంచి నెలకు నాలుగు రోజులు అందులో కూర్చున్నాను. అయిదో రోజు తలస్నానం చేశాక మా అమ్మ పంచాంగంలో గుర్తు పెట్టేది. తెలిసి ఉండీ అడగలేదు.

స్కాన్లు నెలనెలా నాలుగు రోజులు ఆలస్యంగా జరిగాయి. నా రిజిస్టరులో అంతవరకూ ఎర్ర సిరా దిద్దుబాటు లేదు. దాన్ని తీసుకుని డాక్టరుగారి గదికి వెళ్లి, మూడు కార్డుల్లోనూ మొదటి గడి తప్పని, రాసింది నేనేనని చెప్పాను. ఆమె ఆ రోజే రక్తపరీక్ష రాశారు. అండం విడుదలయ్యాక పెరిగే హార్మోను ఎంత ఉందో అది చెబుతుంది. సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఆ నెల అండం విడుదలైంది. మేము స్కాన్ మొదలుపెట్టేసరికే బుడగ పగిలిపోయి ఉండాలి. మాత్రలు పనిచేస్తూనే ఉన్నాయి. డాక్టరుగారు విజయవాడ చీటీ వెనక్కి తీసుకున్నారు. శ్రీలత ఆ రిపోర్టును నా బల్ల దగ్గర నిలబడి రెండుసార్లు చదివించుకుంది.

మరుసటి వారం ముగ్గురూ వచ్చారు. మహాలక్ష్మమ్మగారికి నా మీద కోపం లేదు, ఆశ్చర్యమే. "ఆ నాలుగు రోజులూ లెక్కలోకి ఎలా వస్తాయండీ? మనిషి ఇంట్లో లేనట్టే కదండీ" అన్నారు. సత్తిబాబు మాత్రం, "పిల్ల వదిలిన రోజొకటి, రాసిన రోజొకటి అయితే చెరువు గల్లంతేనండీ" అన్నాడు. నన్నే అన్నాడు.

నవంబరులో తక్కువ మోతాదు మాత్రలే ఇచ్చి, తొమ్మిదో రోజు నుంచి స్కాన్లు మొదలుపెట్టాం. పదమూడో రోజున బుడగ పంతొమ్మిది మిల్లీమీటర్లు. చెరువు మీదికి ఫోన్ చేసింది నేనే. ఆ నెల ఫలించలేదు. డిసెంబరులో మళ్లీ చేశాను. జనవరికి తీసిన కొత్త కార్డులో మొదటి గడి నింపవలసిన అవసరం రాలేదు. సెప్టెంబరులో ఆడపిల్ల పుట్టింది.

ఆ తరువాత కార్డు మార్పించాను. రక్తం కనిపించిన రోజుకు ఒక గడి, తలస్నానం రోజుకు పక్కనే ఇంకొకటి. రెండో గడి తీసేద్దామని స్టాఫ్ నర్సులు అన్నారు. ఇంటి లెక్కకు చోటు ఇవ్వకపోతే అది వచ్చి మొదటి గడిలో కూర్చుంటుందని ఉంచాను. ప్రశ్న చికిత్సకు వచ్చిన అమ్మాయినే అడగాలి. అడిగేటప్పుడు పెద్దలను బయట కూర్చోబెట్టాలి. ఇందులో అమర్యాద లేదు. ఎవరి ఒంటి సంగతి వారిని అడగాలన్నది మాత్రమే.

దెందులూరు దగ్గరి మా ఇల్లు అప్పటికే చేతులు మారి, పెరడు ఒక్కటే మిగిలింది. పెరడు, అందులో ఆ గది, మొత్తం ఆరు సెంట్లు, 2019లో తమ్ముడూ నేనూ సంతకాలు పెట్టి అమ్మేశాం. కొన్నవారు గది పడగొట్టి చేపల మేత గోదాము కట్టుకున్నారు.